తల ఎక్కడుంది: పాలమూరు పడమటి పొలాల్లో ఒక కృష్ణజింక వేట కేసు

వేటాడేవాళ్లు రెండు రకాలు. కూర కోసం కొట్టేవాడు తలను పాతిపెట్టి తునకలు పంచుకుంటాడు. గోడకు తగిలించుకోవడానికి కొట్టేవాడు తునకలు ఊరికి వదిలేసి తల పట్టుకుపోతాడు. ఈ కేసులో దర్యాప్తు పదకొండు రోజుల పాటు మొదటి రకం వేటగాడి వెంట పడింది. వాట్సాప్‌లో తిరిగిన వేట ఫోటోలో ఉన్నవాడు రెండో రకం. ఊరు, తేదీలు, మనుషుల గుర్తులు తీసేశాం. కేసు కోర్టులో ఉంది కాబట్టి కొన్ని సంగతులు కావాలనే వదిలేశాం.

నేపథ్యం

నారాయణపేట జిల్లాలో కృష్ణ, మాగనూరు, మక్తల్ వైపు కృష్ణజింకలు రిజర్వు ఫారెస్టులో ఉండవు. నల్లరేగడి పట్టా భూముల్లో, బీళ్లలో, నది ఒడ్డు గడ్డిలో తిరుగుతాయి. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో బేస్ క్యాంపులు, చెక్‌పోస్టులు, రాత్రి గస్తీ ఉంటాయి. ఇక్కడ గేటూ లేదు, కంచే లేదు. రాత్రి పదింటికి పొలాల బాటలో జీపు పోతే అడిగే మనిషి ఉండడు.

రైతుకు వీటి మీద ప్రేమ లేదు, ఉండాలని ఆశించడమూ న్యాయం కాదు. పత్తి మొలక మీద గుంపు ఒక్క పూట పడితే మళ్లీ విత్తనం కొనాల్సిందే. శనగ మొక్కను తినేది కొంత, తొక్కేది ఎక్కువ. అడవిపందులను చంపడానికి షరతులతో అనుమతులు వచ్చాయి. కృష్ణజింకకు ఆ దారి లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ఇది షెడ్యూల్ 1 జంతువు. సెక్షన్ 11 ప్రకారం షెడ్యూల్ 1 జంతువును చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి ఇవ్వాలంటే అది మనిషి ప్రాణానికి ప్రమాదం కావాలి, లేదా కోలుకోలేని గాయమో రోగమో ఉండాలి. పంట నష్టం అందుకు కారణంగా చాలదు. చాలామంది రైతులకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు. వేటకు వచ్చేవాళ్లకు మాత్రం బాగా తెలుసు. అందుకే పట్టుబడితే చెప్పే మొదటి మాట 'పందుల కోసం వచ్చినం'.

ఈ ప్రాంతానికి షికారు కొత్త కాదు. నల్లమలలో ఫర్హాబాద్ నిజాం వేట బంగ్లా ఉన్న చోటు. పాత ఇళ్ల గోడల మీద కొమ్ములు ఇప్పటికీ కనిపిస్తాయి. అయితే అప్పట్లో తల గోడ మీదికి ఎక్కేది, ఇప్పుడు ముందు ఫోన్‌లోకి ఎక్కుతుంది. ఈ కేసు బయటపడింది ఆ తొందర వల్లే.

వచ్చిన సమస్య

డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున మూడు ఫోటోలు వాట్సాప్‌లో తిరగడం మొదలైంది. మొదటిదాంట్లో జీపు లైట్ల వెలుగులో ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని, నల్లటి మగ జింక కొమ్ములు రెండూ పట్టుకుని తల పైకెత్తాడు. టెలిస్కోప్ బిగించిన రైఫిల్ దాని వీపు మీద అడ్డంగా ఉంది. మనిషి ముఖం టోపీ నీడలో సగమే కనపడుతోంది. రెండోదాంట్లో బొటనవేళ్లు ఎత్తిన నలుగురు. మూడోది తెల్లవారుజామున తీసింది: తోలు వలుస్తున్న చేతులు, వెనక చిన్న గుట్ట, హైటెన్షన్ లైను టవరు.

సాయంత్రానికి జిల్లా అంతా అదే మాట. విద్యార్థి సంఘాలు కలెక్టరేటుకు వినతిపత్రం ఇచ్చాయి, రోడ్డు మీద బైఠాయించాయి. 2015 జులైలో జింబాబ్వేలో హ్వాంగే పార్కు దగ్గర సెసిల్ అనే సింహాన్ని అమెరికా డెంటిస్టు ఒకడు చంపినప్పుడు ప్రపంచమంతా లేచిన కోపంతో దీన్ని పోల్చారు. ఆ పోలికతోనే ఒక గందరగోళం మొదలైంది. జింబాబ్వే, నమీబియా, దక్షిణాఫ్రికాల్లో డబ్బు కట్టి చేసే ట్రోఫీ వేటకు, అంటే తల, కొమ్ములు గుర్తుగా తెచ్చుకోవడానికి చేసే వేటకు, చట్టంలో చోటుంది. అక్కడి గొడవ అనుమతి సరిగ్గా ఉందా, ఆ డబ్బు ఊళ్లకు చేరుతోందా అన్నది. 2014లో నమీబియా నల్ల ఖడ్గమృగం పర్మిట్ అమెరికాలో వేలానికి పెడితే మూడున్నర లక్షల డాలర్లు పలికింది. మన దగ్గర సెక్షన్ 9 వేటను నిషేధించింది, డబ్బు కట్టి తెచ్చుకునే పర్మిట్ అంటూ ఏదీ లేదు. 'వాళ్లు లైసెన్సు చూపించాలి' అని ఒక వర్గం, 'ఇక్కడా లైసెన్సులిస్తే పంటలన్నా మిగులుతయి' అని ఇంకో వర్గం రెండు రోజులు వాదించుకున్నాయి.

ఇంకో వాదన మరింత ప్రమాదకరమైనది: 'ఇది టెక్సాస్ ఫోటో'. కొట్టిపారేసే మాట కాదు. మన కృష్ణజింకను టెక్సాస్‌కు, అర్జెంటీనాకు తీసుకెళ్లి పెంచారు, అక్కడి ప్రైవేటు పశుక్షేత్రాల్లో దాని ట్రోఫీ వేట చట్టబద్ధం. ఇంటర్నెట్‌లో అలాంటి ఫోటోలు వేలల్లో దొరుకుతాయి. ఈ మూడు ఫోటోలు ఎక్కడివో తేల్చకుండా ముందుకు వేసిన ప్రతి అడుగూ డిఫెన్సు వకీలుకు మనం ఇచ్చే కానుకే.

చేసినవి, బెడిసినవి

రెండో రోజు ఇద్దరిని పట్టుకున్నారు: జీపు డ్రైవరు అని జనం చెప్పిన ఒకతను, తునకలు తెచ్చుకున్న ఇంకొకతను. ఒత్తిడి అంత ఉంది. పోలీసులు ఆయుధాల చట్టంతో పాటు వన్యప్రాణి చట్టం సెక్షన్లు కలిపి ఎఫ్ఐఆర్ కట్టారు. ఇక్కడ మొదటి గుంట. సెక్షన్ 55 ప్రకారం ఈ చట్టం కింద కోర్టు కేసును స్వీకరించాలంటే అధికారం ఉన్న అటవీ అధికారి ఫిర్యాదు వేయాలి. ఒట్టి పోలీసు చార్జిషీటుతో ఆ సెక్షన్లు నిలవవు. అటవీ రేంజ్ ఆఫీసు నుంచి పీఓఆర్ (నేరం మీద అటవీశాఖ రాసే మొదటి నివేదిక) రాయడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. రెండు కాగితాల్లో నేరం జరిగిన చోటు, టైము వేరువేరుగా పడ్డాయి.

పట్టుకున్నవాళ్ల వాంగ్మూలాలు అటవీశాఖ సెక్షన్ ఆఫీసరు రాసుకున్నాడు. అటవీ అధికారి పోలీసు కాదు కాబట్టి అతని ముందు ఒప్పుకున్నది చెల్లుతుందన్నది నిజమే, కానీ అదొక్కటే పట్టుకుని కూర్చుంటే కష్టం. సెక్షన్ 50(8) కింద సాక్ష్యం నమోదు చేసే అధికారం అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని, అందుకు అధికారం పొందిన అధికారికే, అంటే మన దగ్గర ఎఫ్‌డీఓకు (ఫారెస్ట్ డివిజనల్ ఆఫీసరుకు). అదీ నిందితుడి సమక్షంలో నమోదు చేస్తేనే విచారణలో పనికొస్తుంది. సెక్షన్ ఆఫీసరు రాసిన కాగితానికి ఆ బలం రాలేదు. పదో రోజుకు ఇద్దరూ మాట మార్చారు.

ఇద్దరికీ బెయిలు వచ్చింది. జనం మళ్లీ రోడ్డెక్కారు. 'షెడ్యూల్ 1 కేసులో బెయిలా' అని. బెయిలు షరతులు చెప్పే సెక్షన్ 51ఏ పేరు అందరూ ఎత్తారు, చదివినవాళ్లు తక్కువ. ఆ కఠిన షరతులు ఇదే చట్టం కింద ఇంతకుముందు శిక్ష పడినవాళ్లకే. వీళ్లకు పాత కేసు లేదు. శిక్ష మాత్రం చిన్నది కాదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక షెడ్యూల్ 1 వేటకు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఏడేళ్ల జైలు, జరిమానా 25 వేలకు తగ్గదు. కనీస శిక్ష ఉన్న నేరం కాబట్టి డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలూ లేదు.

మూడో రోజు ఊరివాళ్లు చూపించిన చోటికి వెళ్లి పంచనామా చేశారు. ఎముకలు, తోలు పీలికలు దొరికాయి. అది చంపిన చోటు కాదని, కుక్కలు ఈడ్చుకొచ్చిన చోటని అప్పుడు తోచలేదు. నేలలో నెత్తురు లేదు, పొట్టలోంచి పడే నెమరు మేత కుప్ప లేదు. ఆ రెండూ లేని చోట జంతువును కోయలేదని అనుకోవాల్సింది. మాంసం ముక్కలు ప్లాస్టిక్ కవర్లో వేసి రెండు రోజులు రేంజ్ ఆఫీసులో ఉంచారు. కుళ్లి నీరు కారింది. ల్యాబుకు రాసిన లెటరులో అడిగింది ఒకే ప్రశ్న: 'ఇది జింక మాంసమా?' అడిగినదానికే ల్యాబు జవాబిస్తుంది.

నాలుగో రోజు విలేకరుల ముందు ఒక మాట జారింది: 'కొమ్ములు ఎక్కడున్నాయో తెలుసు, రెండు రోజుల్లో స్వాధీనం చేసుకుంటాం.' తెలియదు. కానీ తల దాచినవాడికి అది హెచ్చరిక. తల ఆ రాత్రే చోటు మారిందని తర్వాత బయటపడింది.

ఐదో రోజు ఒక ఫాంహౌసు సోదా. గోడకు కొమ్ములున్నాయి. టీవీలో వచ్చేసింది. దగ్గరగా చూస్తే కొయ్య పలక మీద బిగించిన పాత జత: తొడుగు మొదట్లో పురుగు తొలిచిన రంధ్రాలు, పుర్రె ముక్క పసుపెక్కి ఎండిపోయి ఉంది, వాసన లేదు. కృష్ణజింక కొమ్ము అంటే ఎముక దూలం మీద గోరులాంటి పదార్థంతో గుల్ల తొడుగు. కొత్తదాంట్లో ఆ తొడుగు ఊడదు. మొదట్లో పచ్చి కణజాలం ఉంటుంది. దర్యాప్తులో ఉన్న జంతువు చచ్చి వారం కూడా కాలేదు. ఇంటాయన 'మా తాత కాలంది' అన్నాడు. ఇంకొకడు 'చేన్ల దొరికినయి, రాలిపోయినయి' అన్నాడు. ఈ రెండో మాటకు జవాబు సులువు. ఏటా కొమ్ములు రాల్చేవి దుప్పి, కణుజు. వాటివి గట్టి ఎముక కొమ్ములు. కృష్ణజింక కొమ్ము బతికినన్నాళ్లూ రాలదు. చేలో దొరికిందంటే పుర్రెతో సహా దొరకాలి. తాత కాలందైనా యాజమాన్య సర్టిఫికెట్ చూపాలి, అది లేదు. అది వేరే కేసు అయింది, ఈ కేసు కాలేదు. కానీ 'దొరికాయి' అన్న వార్త తర్వాత జనం కోపం చల్లారింది, పై ఆఫీసుల నుంచి ఫోన్లు తగ్గాయి. అసలు తల ఇంకా బయటే ఉంది.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. రెండో రోజు నుంచే ఒక గొర్రెల కాపరి ఫోటో, ఫోన్ నంబరుతో సహా, 'హంతకుడు' అని తిరిగింది. వేటకు ముందు రోజు జీపుతో మాట్లాడుతూ కనిపించాడట. వందల ఫోన్లు, తిట్లు. మూడో రోజు రాత్రి అతను బొంబాయి బస్సెక్కాడు. అతని తల్లి బీట్ ఆఫీసరుతో అన్న మాట కేస్ డైరీలో ఉంది: 'మా పిలగాడు తుపాకి పట్టలే సారూ, దారి జూపెట్టిండు గంతే.' గుంపు ఎక్కడ పడుకుంటుందో, ఎవరు వచ్చారో, ఎటు పోయారో చూసిన ఒకే ఒక్క బయటి మనిషి అతనే.

మలుపు

పన్నెండో రోజు ఎఫ్‌డీఓ ఫైలు తన దగ్గరికి తెప్పించుకున్నాడు. పశువైద్యుడు మూడో ఫోటోను పెద్దది చేసి చూపించిన ఒక గీత దగ్గర దర్యాప్తు మలుపు తిరిగింది. కూరకు కోసేవాడు గొంతు దగ్గర కోస్తాడు, తోలు పొట్ట వైపు నుంచి చీలుస్తాడు. ఈ ఫోటోలో కత్తి గాటు మెడ వెనక నుంచి, రెండు కొమ్ముల మొదళ్లకు చీలి, ఇంగ్లిష్ వై అక్షరంలా ఉంది. గొంతు కింది తెల్లటి తోలు చెక్కుచెదరలేదు. ఇది భుజం దాకా తల మౌంట్ చేయించుకునేవాడి కోత. మెడ ముందు భాగం గోడ మీద కనిపించాలి కాబట్టి కుట్టు వెనక్కి పోవాలి. ఇలా కోయించినవాడు తలను పారేయడు. ఇంత ప్రచారం జరిగాక కూడా పారేయలేడు, ఎందుకంటే దాని కోసమే వచ్చాడు.

అప్పటి నుంచి ప్రశ్న 'ఎవరు చంపారు' కాదు, 'తల ఎక్కడుంది'. ఇది మాటల ఆట కాదు. వస్తువు వెంట పడితే చట్టమూ కలిసొస్తుంది: సెక్షన్ 57 ప్రకారం వన్యప్రాణి వస్తువు ఎవరి అధీనంలో ఉందో రుజువైతే, అది అక్రమం కాదని చూపించుకునే భారం వాళ్లదే.

పచ్చి తల తోలు నిలవాలంటే రెండే దారులు. గంటల్లోపే ఒలిచి ఉప్పు పట్టించాలి, లేదంటే గడ్డకట్టించాలి. ఆలస్యమైతే మొదట చెవుల దగ్గర, కళ్ల చుట్టూ వెంట్రుక ఊడుతుంది. ఊడిన తోలు మౌంటింగుకు పనికిరాదు. ఉప్పు పద్ధతిలో తోలు బరువుకు సరిసమానంగా సన్న ఉప్పు రుద్ది, మరుసటి రోజు దులిపి మళ్లీ పట్టించాలి. ముందు కిరాణా కొట్ల వెంట తిరిగారు. ఐదారు కిలోల ఉప్పు మామిడికాయల కాలంలో అయితే ఎవరూ లెక్కపెట్టరు. డిసెంబరులోనూ ఎవరికీ గుర్తులేదు. రెండు రోజులు వృథా. అప్పుడు గడ్డకట్టించే దారి చూశారు. డీప్ ఫ్రీజర్లు పల్లెల్లో తక్కువ: ఐస్‌క్రీమ్ కొట్లు, కోడి మాంసం వ్యాపారులు, రిజర్వాయరు చేపలు కొనేవాళ్లు.

ఈలోగా ఫోటో చోటు తేల్చారు. ఖర్చు లేని పని, మొదటి రోజే చేయాల్సింది. మూడో ఫోటోను పెద్ద కాగితం మీద ప్రింటు తీసి ఇద్దరు పొలాల్లోకి వెళ్లారు. ఫోటోలో టవరు రెండో చెయ్యి కొస సరిగ్గా గుట్ట నొక్కుకు తగిలినట్టు ఉంది. ఒక దగ్గరి వస్తువూ ఒక దూరపు వస్తువూ అలా ఒకే వరసలో కనిపించే చోట్లన్నీ ఒకే గీత మీద ఉంటాయి. ఫోటో కుడి అంచులో వేపచెట్టు, దాని వెనక ట్యాంకు రెండో జత. రెండు గీతలు కలిసే చోటే కెమెరా ఉన్న చోటు. ఊరివాళ్లు చూపించిన చోటికి అది అర కిలోమీటరు పైనే దూరం. అక్కడ కంది మోళ్ల మధ్య ఎండిన నెమరు మేత కుప్ప, కింద నల్లబడిన మట్టి, కొమ్మకు చిక్కిన వెంట్రుకలు. వాన పడలేదు కాబట్టి పన్నెండు రోజుల తర్వాత కూడా అవి నిలిచాయి. టెక్సాస్ వాదన ఆ కంది మోళ్ల మధ్యే ముగిసింది.

ఈసారి నమూనాలు సరిగ్గా పడ్డాయి. నెత్తురు మట్టిని నీడలో ఆరబెట్టి కాగితం కవర్లో. ప్లాస్టిక్‌లో తేమ నిలిచి బూజు పడుతుంది. వెంట్రుకలు కుదుళ్లతో సహా, చిమటాతో, విడి కాగితంలో. ఎండిన కండ ముక్క వేలి గోరంత, ఆల్కహాలులో. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడు చేస్తుంది. ప్రతి కవరు అతుకు మీద సంతకం పడి, దాని మీద టేపు పడి, సీలు నమూనా విడిగా. తడి ఆరిన బాటలో ఒకచోట టైరు అచ్చు మిగిలింది. రెండు పాళ్లు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌కు ఒక పాలు నీళ్లు కలిపి, అచ్చులోకి నేరుగా కాకుండా గరిటె వెనక మీంచి జారేలా పోశారు. పోయక ముందే స్కేలు పెట్టి ఫోటో తీశారు, పోత విరిగినా అది మిగులుతుందని.

కాపరి తిరిగి రావడం

అతని కోసం బొంబాయికి జీపు పంపాలన్న ఆలోచన వచ్చింది. వద్దన్నారు. జీపులో తెచ్చిన మనిషి నిందితుడిలా కనిపిస్తాడు, నిందితుడిలాగే మాట్లాడతాడు. గొర్రెల కాపరుల సంఘం పెద్దమనిషి ద్వారా కబురు వెళ్లింది. అంతకన్నా ముందు అటవీశాఖ ఒక ప్రకటన ఇచ్చింది: ప్రచారంలో ఉన్న ఫోటోలోని వ్యక్తి మీద కేసు లేదు, అతని ఫోటో, నంబరు పంచడం నేరం అవుతుంది. పదహారో రోజు అతనే వచ్చాడు.

అతన్ని ఏం చేయాలన్నది ఈ కేసులో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. ఐదు వందలు తీసుకుని గుంపు ఉండే చోటు చూపించాడు. కాబట్టి సెక్షన్ 52 కింద ప్రేరేపణ అని నిందితుడిని చేయొచ్చు. ఏడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరం కాబట్టి క్షమాభిక్ష ఇప్పించి అప్రూవర్‌గా మార్చొచ్చు. లేదా సాక్షిగానే ఉంచొచ్చు. అప్రూవర్ మాటకు ప్రతి ముఖ్య విషయంలో వేరే ఆధారం కావాలని కోర్టు అడుగుతుంది. పైగా ముందు అతన్ని నిందితుడిగా చూపించాలి, అంటే వాట్సాప్ తీర్పునే ప్రభుత్వం ఖరారు చేసినట్టవుతుంది. అతను చెప్పిందాన్ని పరీక్షించారు: 'ఫోటోలు తీసుకుంటామన్నరు' అన్నాడు, చూపించి చీకటి పడకముందే ఇంటికి పోయాడు. సాయంత్రం పాలు పోసిన టైము పాలకేంద్రం యంత్రం చీటీలో ఉంది. సాక్షిగానే ఉంచారు. పోలీసు కాగితం మీద కాకుండా బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) సెక్షన్ 183 కింద నేరుగా మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలం ఇప్పించారు. ఇందులో ప్రమాదం లేకపోలేదు: తుపాకీ ముందే చూశాడని డిఫెన్సు రుజువు చేస్తే ఈ నిర్ణయం తిరగబడుతుంది. అయినా ఆ రోజు ఉన్న ఆధారాలతో ఇదే సబబు.

అతను ఇచ్చిన ముక్క చిన్నదే. పక్కరోజు పొద్దున జీపు మళ్లీ ఊరి మీదుగా పోయిందనీ, వెనక థర్మాకోల్ డబ్బా ఉందనీ చెప్పాడు. చేపలకు వాడే రకం. ఫ్రీజర్ల జాబితా ఒక్క రాత్రిలో మూడు పేర్లకు తగ్గింది.

తల

పద్దెనిమిదో రోజు తెల్లవారి, సెక్షన్ 50 కింద సోదా. విలేకరులకు చెప్పలేదు. మొదటి తలుపు తెరవక ముందు నుంచి చివరి సీలు దాకా ఆపకుండా వీడియో. బీఎన్‌ఎస్‌ఎస్ 105 తర్వాత ఇది ఐచ్ఛికం కాదు. పంచులు, అంటే సోదాకు సాక్షులు, ఇద్దరూ ఆ వీధివాళ్లే, శాఖతో లావాదేవీ లేనివాళ్లు. సోదాకు వెళ్లినవాళ్లు ముందు తమ జేబులు, బ్యాగులు పంచులకు చూపించారు. రెండో చోట ఫ్రీజర్ అడుగున యూరియా సంచిలో చుట్టిన తల దొరికింది. మెడ తోలు భుజం దాకా ఉంది.

'ఇది అదే జంతువు' అని ఎలా చెప్పడం? కొమ్ము మీద కణుపుల్లా ఉండే వలయాలు, మెలికల వంపు ఏ రెండు జింకలకూ ఒకేలా ఉండవు. ఫోటోలో ఎడమ కొమ్ము కింది నుంచి ఐదో వలయం అంచు విరిగి గుంట పడింది, కుడి కొమ్ము కొస అరిగి మొద్దుబారింది. ఫ్రీజర్ తలలోనూ అవి అక్కడే ఉన్నాయి. చూపుకు సరిపోయిందని సరిపెట్టుకోలేదు. ఫోటోలో పొడవు కొలవలేం, కెమెరా కోణాన్ని బట్టి మారుతుంది; అందుకే నిష్పత్తులు కొలిచారు. తలను ఫోటోలో ఉన్న కోణానికి తిప్పి, కెమెరాను దూరంగా పెట్టి తీశారు, దగ్గర నుంచి తీస్తే ముందున్న కొమ్ము పెద్దదిగా పడుతుందని. వరసగా ఉన్న వలయాల మధ్య దూరాలను మొదటి వలయం వెడల్పుతో భాగించి రెండు ఫోటోలకూ పట్టిక వేశారు.

ల్యాబుకు రెండో లెటరు ఈసారి ప్రశ్నలు విడమరిచి వెళ్లింది: జాతి ఏది, మగా ఆడా, తలలోని కణజాలం, చేలోని మట్టి నెత్తురు ఒకే జంతువువా. మైటోకాండ్రియల్ పరీక్ష జాతినే చెబుతుంది. ఒకే జంతువా అన్నది తేలాలంటే న్యూక్లియర్ డీఎన్‌ఏ గుర్తులు పోల్చాలి, అది అడిగితేనే చేస్తారు. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వారి వన్యప్రాణి డీఎన్‌ఏ ల్యాబు లాకోన్స్ ఉండటం మన జిల్లాలకు కలిసొచ్చిన సంగతి. ఉదయం బయల్దేరితే సాయంత్రానికి నమూనా చేర్చొచ్చు. నివేదిక వచ్చింది. రెండూ ఒకే జంతువువి.

ఫోన్ల సంగతి త్వరగా చెప్పాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో తీసిన టైము, చోటు వివరాలు ఊడిపోతాయి. డాక్యుమెంటుగా పంపితే మిగులుతాయి. కాబట్టి తిరిగిన ఫోటో ఎన్ని వేల ఫోన్లలో ఉన్నా అసలు ఫైలు ఒక్కటే కావాలి. అది ఫోటో తీసినవాడి ఫోన్‌లో, చెరిపేసినా బ్యాకప్‌లో దొరికింది. ఫోన్ చేతికి రాగానే ఫ్లైట్ మోడ్. అన్‌లాక్ అయి ఉంటే ఆఫ్ చేయకూడదు. సిగ్నల్ ఆపే సంచి లేకపోతే అల్యూమినియం ఫాయిల్ నాలుగు పొరలు. తర్వాత భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద డిజిటల్ సాక్ష్యానికి కావాల్సిన సర్టిఫికెట్, హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే సంఖ్య), రెండు భాగాలూ. ఈ ఒక్క కాగితం లేక పడిపోయిన కేసులు చాలానే ఉన్నాయి.

తేలనిది, తుపాకీ. తల పాడవకూడదని ట్రోఫీ వేటగాడు భుజం వెనక కాలుస్తాడు. తూటా కండలో ఉంది, కండ ఊరి పొయ్యిల మీద ఉడికిపోయింది. తూటా తొడుగు చేలో దొరకలేదు. ఫోటోలో రైఫిల్ ఉంది, స్వాధీనమైన రైఫిల్ ఉంది, రెండింటి బట్ మీదా ఒకేలాంటి గీత ఉంది, అంతవరకే. ఫిర్యాదులో దీన్ని ఉన్నదానికంటే పెంచి రాయలేదు. సెల్ టవరు లొకేషన్లు కూడా ఫోన్లు ఆ ప్రాంతంలో ఉన్నాయని మాత్రమే చెబుతాయి, పల్లెలో ఒక్కో సెల్ టవరు కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది.

జనంతో వ్యవహారం

పన్నెండో రోజు తర్వాత ప్రతి సాయంత్రం ఆరింటికి నాలుగు వాక్యాల ప్రకటన ఒకటి: ఈ రోజు ఏం జరిగింది, రేపు ఏ కాగితం కోర్టుకు వెళ్తుంది, ఎవరి పేరూ లేకుండా. చెప్పడానికి ఏమీ లేని రోజు 'ల్యాబు నివేదిక కోసం చూస్తున్నాం' అని. రెండు మూడు రోజుల్లోనే ఊహాగానాలు తగ్గాయి. ఫోటో ఫార్వర్డ్ చేయకండి, మీకు మొదట ఎవరు పంపారో చెప్పండి అని ఒక నంబరు ఇచ్చారు. పనికొచ్చిన ఫోన్లు మూడే వచ్చాయి, ఆ మూడూ విలువైనవే. 'కృష్ణజింక అంతరించే జంతువేం కాదు కదా' అన్నవాళ్లకూ జవాబిచ్చారు: అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ లెక్కలో దానికి ఇప్పుడు తక్షణ ప్రమాదం లేదు, నిజమే, అయినా ఇక్కడి చట్టంలో పులితో సమానంగా షెడ్యూల్ 1లో ఉంది. ఒక మాట దాచితే ఇంకో పది మాటలు పుడతాయి.

ఊళ్లో సభ పెట్టినప్పుడు మొదటి ప్రశ్న వేసింది ముసలి రైతు ఒకాయన. 'ఒక్క జింక సస్తే ఇంతమంది వచ్చిన్రు. మా చేన్ల పడ్డప్పుడు ఒక్కడన్న వచ్చిండా సారూ?' దానికి ఆ రోజు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉన్నట్టు నటించకపోవడం మంచిదైంది. మరుసటి వారం నుంచి బీట్ ఆఫీసరు, వ్యవసాయ విస్తరణాధికారి కలిసి పంట నష్టం దరఖాస్తులు ఊళ్లోనే కూర్చుని రాయించారు. తునకలు తిన్న ఇళ్ల నుంచి ముగ్గురు సాక్షులు ముందుకొచ్చింది ఆ తర్వాతే.

ఇప్పుడున్న స్థితి

ఎఫ్‌డీఓ ఫిర్యాదు 60 రోజుల లోపు పడింది. అప్పటికి అరెస్టయి లోపల ఉన్న ముఖ్య నిందితులకు గడువు దాటిన కారణంగా బెయిలు దొరకలేదు. మామూలు బెయిలు తర్వాత దొరికింది. విచారణకు ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల కేసులో మొదటి కోర్టు తీర్పు 2018లో వచ్చింది. అందుకే తల భద్రత మీద విడిగా ఉత్తర్వు తీసుకున్నారు. తోలు ఫ్రీజర్లోనే, కరెంటు పోతే జనరేటరు ఉన్న చోట. కొమ్ములున్న పుర్రెను కోర్టు అనుమతితో శుభ్రం చేసి, ఒక కండ ముక్క మళ్లీ పరీక్షకు సీలు వేసి ఉంచారు. కొమ్ములకు వార్నిష్ గానీ నూనె గానీ రాయొద్దని మాల్‌ఖానా (స్వాధీనం చేసుకున్న వస్తువులు దాచే గది) రిజిస్టరులో ఎర్ర సిరాతో రాశారు: ఎడమ కొమ్ము ఐదో వలయం మీది గుంట ఎన్నేళ్ల తర్వాతైనా ఫోటోలో ఉన్నట్టే కనపడాలి.